పీటీఆర్ (పవర్ ట్రాన్స్‌ఫార్మర్) పేలకుండా, పేలినా తగలబడకుండా ఏం చేయాలి?

రాత్రి షిఫ్ట్ · శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నేను గుంటూరు వైపు ఒక సెక్షన్‌లో ఏఈని, అంటే విద్యుత్ సంస్థలో అసిస్టెంట్ ఇంజనీర్‌ని. పది రోజుల క్రితం మా పక్క సెక్షన్‌లో 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లోని 5 ఎంవీఏ పీటీఆర్ కాలిపోయింది. అప్పట్నుంచీ సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఇక్కడ పెద్దవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు ఉన్నారని రాస్తున్నా.

సాయంత్రం ఆరున్నరకి గాలివాన. సబ్‌స్టేషన్ గేటు దాటాక రెండో స్తంభం దగ్గర 11 కేవీ తీగల మీద తాటిమట్ట పడింది. ఆ లైను కరెంటుని తెంచే ఫీడర్ బ్రేకర్ ట్రిప్ కావాలి, కాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ వైపున్న ఎల్వీ బ్రేకర్ కాలేదు. 33 కేవీ వైపున్న హెచ్వీ కూడా కాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతూనే ఉంది. ఆపరేటర్ నాకు బాగా తెలిసినవాడు. బ్రేకర్‌ని చేత్తో ట్రిప్ చేద్దామని యార్డులోకి పరిగెత్తాడు. అతను సగం దూరంలో ఉండగా 11 కేవీ బుషింగ్ (తీగ ట్యాంకులోకి దిగే పింగాణీ గొట్టం) ఒకటి పగిలింది, ఆయిల్ చిమ్మి అంటుకుంది. రెండు చేతులూ కాలాయి. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఫైర్ ఇంజిన్ నలభై నిమిషాలకి వచ్చింది. పీటీఆర్ తెల్లవారుజాము దాకా మండింది.

నాకు అర్థంకానిది ఒకటే. ఆ రోజు పొద్దున కూడా మూడు బ్రేకర్ల ప్యానెళ్ళ మీదా ట్రిప్ సర్క్యూట్ బాగుందని చెప్పే హెల్తీ లాంప్ వెలిగిందని లాగ్ బుక్‌లో ఉంది. ఆపరేటర్ అబద్ధం రాసే మనిషి కాదు. ట్రిప్ సర్క్యూట్ బాగుంటే బ్రేకర్లు ఎందుకు ట్రిప్ కాలేదు? నా సబ్‌స్టేషన్లో ఇదే జరగకుండా నేను ఏం చూసుకోవాలి?

పాత రిలే · శనివారం, రాత్రి 11:30

బాబూ, ముందు ఆ అబ్బాయి త్వరగా కోలుకోవాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రొటెక్షన్‌లోనే పనిచేసి రిటైరయ్యాను. మీరు చెప్పిన తరహా ప్రమాదాలు మూడు కళ్ళారా చూశాను. మూడింట్లోనూ హెల్తీ లాంప్ వెలుగుతూనే ఉంది.

ఆ లాంప్ చెప్పేది ఇంతే, ప్యానెల్‌కి ఆ క్షణాన డీసీ వస్తోందని, బ్రేకర్‌ని తెరిచే ట్రిప్ కాయిల్ దాకా తీగ తెగలేదని. ఆ డీసీ బ్యాటరీ ఇస్తోందా, చార్జర్ ఇస్తోందా అన్నది అది చెప్పదు. బ్యాటరీలో రెండు సెల్స్ చచ్చిపోయినా చార్జర్ ఆన్‌లో ఉన్నంతసేపూ లాంప్ వెలుగుతుంది, వోల్ట్‌మీటరు నిండుగా చూపిస్తుంది. ఇక చార్జర్‌కి ఏసీ ఎక్కణ్ణుంచి? అదే సబ్‌స్టేషన్లోని స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. మీ తాటిమట్ట గేటు దగ్గరే పడింది కాబట్టి ఆ షార్ట్‌తో 11 కేవీ వోల్టేజీ కుప్పకూలి ఉంటుంది. ఏసీ పోయింది, చార్జర్ పోయింది, బ్యాటరీ అప్పటికే లేదు. ఫాల్ట్‌ని పసిగట్టే రిలే పనిచేసినా ట్రిప్ కాయిల్‌కి కరెంటు అందలేదు. డీసీ సరిగ్గా కావలసిన క్షణంలోనే మాయమైంది. మీ ఆపరేటర్ రాసిందీ నిజమే, జరిగిందీ నిజమే.

ఇప్పుడు లెక్క చూడండి. 5 ఎంవీఏ అంటే 11 కేవీ వైపు ఫుల్ లోడ్ 262 ఆంపియర్లు. ఇంపీడెన్స్ 7.15 శాతం అనుకుంటే దగ్గరి షార్ట్‌లో 3,600 ఆంపియర్ల దాకా వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని అలాంటి షార్ట్‌ని 2 సెకన్లు తట్టుకునేలా డిజైన్ చేస్తారు. రెండు నిమిషాలకి కాదు. అదే ఫాల్ట్ 33 కేవీ వైపు 1,200 ఆంపియర్లుగా కనిపిస్తుంది. పై సబ్‌స్టేషన్లో 33 కేవీ ఫీడర్ రిలే సెట్టింగు ఎక్కువగా ఉంటే అది తీరిగ్గా ట్రిప్ అవుతుంది, లేదా అసలు కాదు.

రేపే చేయాల్సిన పని చెబుతాను. పై అధికారికి చెప్పి, ఎల్సీ (లైన్ ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని, లోడ్ పక్క పీటీఆర్ మీదికి మార్చుకోండి. చార్జర్ పూర్తిగా ఆపండి. బ్యాటరీ ఒక్కదాని మీదే ఒక్కో బ్రేకర్‌ని రిలే నుంచి ట్రిప్ చేసి చూడండి, స్విచ్ నుంచి కాదు. రిలే నుంచి. ట్రిప్ కాకపోతే మీ పీటీఆర్ ఈ రోజు దాకా అదృష్టం మీద బతికిందన్నమాట.

ఫ్యాక్టరీ కరెంటు · ఆదివారం, ఉదయం 7:15

సార్, పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. మాది 12.5 ఎంవీఏ. బుఖోల్జ్ రిలే ఉంది, పీఆర్వీ (ప్రెషర్ రిలీఫ్ వాల్వు) ఉంది, లోపలి ఫాల్ట్‌ని పట్టే డిఫరెన్షియల్ రిలే ఉంది. లోపల ప్రెషర్ పెరిగితే పీఆర్వీ తెరుచుకుంటుంది కదా, ట్యాంకు పగలాల్సిన అవసరం ఏముంటుంది?

పాత రిలే · ఆదివారం, ఉదయం 9:05

మంచి ప్రశ్న. చాలామంది ఇంజనీర్లు కూడా ఇక్కడే పొరబడతారు.

లోపల రెండు రకాల జబ్బులుంటాయి. ఒకటి నెమ్మదిగా ముదిరేది. వదులైన జాయింటు, కోర్ వేడెక్కడం, చిన్న డిశ్చార్జిలు. అక్కడ ఆయిల్ కొద్దికొద్దిగా విరిగి గ్యాసవుతుంది. ఆ బుడగలు పైకి పోతూ కన్సర్వేటర్ (పైనుండే ఆయిల్ డబ్బా) పైపులోని బుఖోల్జ్‌లో చేరతాయి. పై ఫ్లోట్ దిగితే అలారం. మాక్స్ బుఖోల్జ్ అనే జర్మన్ ఇంజనీరు 1921లో చేసిన పరికరం అది, ఇవాళ్టికీ దాన్ని మించింది లేదని నా నమ్మకం. అలారం వచ్చినప్పుడు గాలి చేరిందిలే అని గ్యాస్ వదిలేసి మళ్ళీ చార్జ్ చేసేవాళ్ళని చూశాను. అది హత్యతో సమానం. ఆ గ్యాస్‌ని పట్టి పరీక్షకి పంపాలి.

రెండోది ఒక్కసారిగా వచ్చే ఆర్క్. వైండింగ్ తెగి ట్యాంకుకి ఆర్క్ కొట్టిందనుకోండి. ఒక కిలోజౌల్ ఆర్క్ శక్తికి ఆయిల్ నుంచి సుమారు 80 నుంచి 100 ఘన సెంటీమీటర్ల గ్యాస్ పుడుతుంది, అదీ చల్లారాక కొలిస్తే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఫాల్ట్‌లో మెగాజౌల్స్ లెక్క. ఒక్క మెగాజౌల్‌కే వంద లీటర్లకి దగ్గర. ఆయిల్ అణగదు. ఆ గ్యాస్‌కి చోటు కావాలంటే ట్యాంకు గోడ ఉబ్బాలి. ఉబ్బడానికి వీల్లేకపోతే వెల్డింగు చీలుతుంది, లేకపోతే బుషింగ్ కూర్చునే టరెట్ ఊడి లేస్తుంది.

డిఫరెన్షియల్ 20, 30 మిల్లీసెకన్లలో చెబుతుంది. బ్రేకర్ తెరుచుకోవడానికి ఇంకో 40 నుంచి 60. అంటే అన్నీ సవ్యంగా ఉన్నా పదో వంతు సెకను పాటు ఆర్క్ మండుతూనే ఉంటుంది. పీఆర్వీ కూడా కొద్ది మిల్లీసెకన్లలోనే తెరుచుకుంటుంది, కానీ దాని నోరు చిన్నది. ఆర్క్ ట్యాంకు కింద ఒక మూల కొడితే ఆ మూల గోడ మీద దెబ్బ ముందు పడుతుంది, పైన కవరు మీదున్న పీఆర్వీకి సంగతి తర్వాత తెలుస్తుంది. చిన్న, మధ్యరకం ఫాల్ట్‌లకి పీఆర్వీ ప్రాణదాత. పెద్ద ఆర్క్‌కి ఒక్కటే సరిపోదు. అందుకే పెద్ద యూనిట్లకి రెండు పెడతారు. పెద్ద నోరున్న రప్చర్ డిస్క్ పెట్టి ఆయిల్‌ని, గ్యాస్‌ని వేరే ట్యాంకులోకి తోసేసే ఏర్పాట్లు కూడా వచ్చాయి.

ఇంకో మాట. పీఆర్వీ నోటికి పైపు తగిలించి కిందికి దింపారా? లేకపోతే వేడి ఆయిల్ పక్కన నిలబడ్డవాడి మీద పడుతుంది.

ఫ్యాక్టరీ కరెంటు · ఆదివారం, ఉదయం 9:20

పైపు లేదు సార్. ఇప్పుడే వెళ్ళి చూసొచ్చా. నోరు సరిగ్గా నడిచే దారి వైపే ఉంది. రేపే మొదలుపెడతాం.

నూనె పరీక్ష · ఆదివారం, మధ్యాహ్నం 2:48

నేను ఆయిల్ ల్యాబ్‌లో కెమిస్ట్‌ని. సార్ చెప్పిన "నెమ్మదిగా ముదిరే జబ్బు" మా దగ్గర ముందే కనిపిస్తుంది. దాని గురించి కాస్త వివరంగా రాస్తాను. ఎందుకంటే మేం రిపోర్టులు పంపుతాం, అవి ఫైల్లో కూర్చుంటాయి. అదే నా బాధ.

డీజీఏ అంటే ఆయిల్లో కరిగిన గ్యాసుల పరీక్ష. ఏ గ్యాస్ పుట్టిందన్నది ఎంత వేడి తగిలిందో చెబుతుంది. హైడ్రోజన్ ఒక్కటే పెరుగుతుంటే చిన్న డిశ్చార్జిలు జరుగుతున్నాయని అనుమానించాలి. ఎథిలీన్ పెరిగితే లోహం బాగా వేడెక్కుతోంది, ఏదో జాయింట్ కాలుతోంది. ఎసిటిలీన్ మామూలు వేడికి పుట్టదు, ఎక్కడో ఆర్క్ కొడితేనే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే కాగితం మాడుతోందని అర్థం. ఐఈసీ 60599 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఇచ్చిన మామూలు హద్దులు హైడ్రోజన్‌కి 50 నుంచి 150 పీపీఎం, ఎథిలీన్‌కి 60 నుంచి 280. ఎసిటిలీన్‌కి మాత్రం 2 నుంచి 20. వోల్టేజీ సర్దే ట్యాప్ చేంజర్ ఆయిల్ మెయిన్ ట్యాంకులోకి కలిసే రకమైతే ఎసిటిలీన్ లెక్క మారుతుంది, అది ముందే చెప్పాలి.

అంకె కంటే దాని నడక ముఖ్యం. పదేళ్ళుగా ఎథిలీన్ 200 దగ్గరే నిలిచి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ గురించి నాకు భయం లేదు. పోయిన ఆర్నెల్లలో ఎసిటిలీన్ సున్నా నుంచి 6కి వచ్చిందంటే, 6 చిన్న అంకె అయినా సరే, నేను ఫోన్ చేస్తాను. ఫోన్ ఎత్తినవాళ్ళు "లిమిట్‌లోనే ఉంది కదా మేడం" అంటారు.

శాంపిల్ తీసేవాళ్ళకి చిన్న మనవి. గాజు సిరంజిలో తీయండి, ప్లాస్టిక్ సీసాలో కాదు. బుడగ ఉండకూడదు. ముందు వాల్వు తెరిచి కొంత ఆయిల్ వదిలేసి, తర్వాత పట్టండి. వాన పడుతుంటే ఆ రోజు మానేయండి. సీసా మీద ఆయిల్ టెంపరేచర్, లోడ్, తీసిన తేదీ రాయండి. సగం సీసాల మీద సబ్‌స్టేషన్ పేరు తప్ప ఇంకేం ఉండదు.

లోపలికి వెళ్ళే గాలిలో తేమ పీల్చే బ్రీదర్‌లో సిలికా జెల్ రంగు మారి నెలలు గడిచినా పట్టించుకోనివాళ్ళకి డీజీఏ గురించి ఎంత చెప్పినా వృథా. తేమ అక్కణ్ణుంచే మొదలవుతుంది.

లండన్ తెలుగు · ఆదివారం, సాయంత్రం 5:10

మేడం గారు చెప్పిన "రిపోర్టు ఫైల్లో కూర్చుంటుంది" అన్న మాటకి ఇక్కడి ఉదాహరణ ఒకటి చెప్పాలి. నేను ఉండేది హీత్రూకి దగ్గర్లోనే. 2025 మార్చి 20 రాత్రి పదకొండు దాటాక నార్త్ హైడ్ సబ్‌స్టేషన్లో 275 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ తగలబడింది. మా ఇంటి నుంచి ఆకాశం ఎర్రగా కనిపించింది. దగ్గర దగ్గర 67 వేల ఇళ్ళకి, సంస్థలకి కరెంటు పోయింది. మర్నాడు హీత్రూ విమానాశ్రయం దాదాపు రోజంతా మూతపడింది. ఎయిర్‌పోర్టుకి మూడు చోట్ల నుంచి సప్లై ఉంది. అయినా ఒకటి పోతే మిగతా రెండింటి మీదికి మార్చడానికి గంటలు పట్టేలా లోపలి నెట్‌వర్క్ ఉంది.

జులైలో విచారణ నివేదిక వచ్చింది. కారణం ఒక హెచ్వీ బుషింగ్. దాని లోపలికి తేమ చేరింది, షార్ట్ అయింది, ఆయిల్ అంటుకుంది. నా గుండె ఆగిన చోటు ఏంటంటే, ఆ బుషింగ్ ఆయిల్ శాంపిల్లో తేమ ఎక్కువగా ఉందని 2018 జులైలోనే తేలింది. వాళ్ళ సొంత నిబంధనల ప్రకారమే ఆ అంకెకి అర్థం "వెంటనే మార్చాలి" అని. మార్చలేదు. 2022లో చేయాల్సిన మెయింటెనెన్స్ కూడా వాయిదా పడింది. ఆరున్నరేళ్ళ పైన ఆ కాగితం అలాగే ఉంది.

మన దగ్గర పరికరాలు పాతవి, డబ్బు లేదు, అందుకే ఇలా జరుగుతుందని అనుకుంటూ ఉంటాం. అక్కడ ల్యాబ్ ఉంది, డబ్బుంది, నిబంధన ఉంది. అంకె చూసి ఔటేజ్ తీసుకునే మనిషి దగ్గర గొలుసు తెగింది.

నూనె పరీక్ష · ఆదివారం, సాయంత్రం 6:02

ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. బుషింగ్ గురించి అందరికీ ఒక మాట. మెయిన్ ట్యాంకు ఆయిల్ ఎంత బాగున్నా, పెద్ద ఓఐపీ (ఆయిల్ పట్టిన కాగితం పొరల) బుషింగ్‌లో ఉన్నది వేరే ఆయిల్, దానికదే మూసి ఉంటుంది. డీజీఏ రిపోర్టు బాగుంది కదా అని బుషింగ్ బాగున్నట్టు కాదు. ఏడాదికోసారి ఇన్సులేషన్ ఎంత చెడిందో చెప్పే టాన్ డెల్టా, కెపాసిటెన్స్ కొలిచి, మొదటి రోజు విలువలతో పోల్చాలి. కెపాసిటెన్స్ పెరిగిందంటే లోపల పొరలు షార్ట్ అవుతున్నాయని అర్థం.

జెన్కో పాతికేళ్ళు · ఆదివారం, రాత్రి 9:33

ఇప్పటిదాకా రాకుండా చూసుకోవడం గురించి మాట్లాడారు. వచ్చాక ఏంటన్నది కూడా మాట్లాడుకుందాం. మా యార్డులో రెండు వ్యవస్థలూ చూశాను.

సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) భద్రతా నిబంధన ప్రకారం 10 ఎంవీఏ, ఆ పైన ట్రాన్స్‌ఫార్మర్లకి, లేదా 2,000 లీటర్లకి మించి ఆయిల్ ఉన్నవాటికి, నీటి స్ప్రే గానీ నైట్రోజన్ ఇంజెక్షన్ గానీ ఉండాలి. ఆ "లేదా"ని చాలామంది చదవరు. 5 ఎంవీఏ కదా మనకి వర్తించదు అంటారు. నేమ్ ప్లేట్ మీద ఆయిల్ ఎంతో చూడండి.

నీటి స్ప్రే బలమైనది, కానీ బరువైనది. ట్రాన్స్‌ఫార్మర్ ఉపరితలం మీద చదరపు మీటరుకి నిమిషానికి 10.2 లీటర్లు పడాలి. 200 చదరపు మీటర్ల యూనిట్ అయితే నిమిషానికి 2,040 లీటర్లు, నలభై నిమిషాలకి 80 వేల లీటర్ల పైమాటే. దానికి పంపు, డీజిల్ ఇంజిన్, ఎప్పుడూ ప్రెషర్ ఉండే పైపులైను కావాలి. 33/11 కేవీ సబ్‌స్టేషన్లో ఇదంతా ఎవరు చూస్తారు? నైట్రోజన్ పద్ధతి అక్కడ మేలు. ట్యాంకు పైభాగంలో ఆయిల్ కొంత డ్రెయిన్ అవుతుంది, కన్సర్వేటర్ నుంచి ఆయిల్ రాకుండా వాల్వు మూసుకుంటుంది, కింద నుంచి నైట్రోజన్ వెళ్ళి ఆయిల్‌ని కలియబెట్టి పైన వేడి పొరని చల్లారుస్తుంది. నీళ్ళు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు.

ఫైర్ స్టేషన్ · ఆదివారం, రాత్రి 10:20

అగ్నిమాపక శాఖలో ఉన్నాను. జెన్కో సార్‌తో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను.

నైట్రోజన్ పనిచేయాలంటే ట్యాంకు ట్యాంకులా ఉండాలి. నేను వెళ్ళిన ఒక చోట ట్యాంకు పక్క వెల్డింగు మనిషి దూరేంత చీలింది. ఆయిల్ మొత్తం కిందికి వచ్చి నేల మీద మండుతోంది. అక్కడ లోపలికి నైట్రోజన్ పంపి ఏం లాభం? నీటి స్ప్రే అయితే కనీసం పక్క యూనిట్‌ని చల్లగా ఉంచుతుంది. అయితే పేలినప్పుడు ఆ స్ప్రే పైపులే విరిగి పడటం కూడా చూశాను, అది కూడా నిజం.

ఏఈ గారికి చెప్పేది. మేం వచ్చినప్పుడు మొదట అడిగేది ఒకటే: రెండు వైపులా కరెంటు తీశారా? హెచ్వీ తీసేసి ఎల్వీ వైపు నుంచి బ్యాక్ ఫీడ్ వస్తున్న సందర్భాలున్నాయి. "తీశాం, ఎర్త్ వేశాం" అని బాధ్యత గల మనిషి చెప్పేదాకా మా వాళ్ళని యార్డులోకి పంపను. ఆ పావుగంట ఆలస్యానికి జనం మమ్మల్ని తిడతారు. గేటు దగ్గర ఒక మనిషిని ఆ మాట చెప్పడానికే నిలబెట్టండి.

మామూలు నీళ్ళ ధార మండుతున్న ఆయిల్ మీద కొడితే ఆయిల్ ఎగిరి మంట పెరుగుతుంది. మాకు ఫోమ్ కావాలి. ఫోన్ చేసేటప్పుడు "సబ్‌స్టేషన్లో మంట" అనకండి, "ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ మంట, ఇన్ని వేల లీటర్లు" అనండి. మేం ఏ బండి తేవాలో అక్కడే తేలిపోతుంది. పింగాణీ బుషింగులు మంటలో పగిలి ముక్కలు చాలా దూరం ఎగురుతాయి. ఫొటోలు తీసేవాళ్ళని దూరం పంపండి.

జెన్కో పాతికేళ్ళు · ఆదివారం, రాత్రి 10:51

చీలిన ట్యాంకు విషయంలో మీరు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. అందుకే కింద సోక్ పిట్ (గులకరాళ్ళు నింపిన గుంత), రెండు యూనిట్ల మధ్యలో గోడ ఉండాలంటారు. ఆయిల్ గులకరాళ్ళ మధ్య నుంచి కిందికి దిగుతుంటే రాళ్ళు దాన్ని చల్లారుస్తాయి, గాలి అందదు, మంట ఆరుతుంది. కానీ మా యార్డులో ఒకప్పుడు ఆ రాళ్ళ మధ్య మట్టి పేరుకుని గరిక మొలిచింది. ఇంకో చోట పిట్ నిండా వాన నీళ్ళు. నీళ్ళున్న పిట్ మీద ఆయిల్ తేలుతుంది, మంట పక్క యూనిట్ దాకా ఈదుకుంటూ వెళుతుంది.

గోడ లేని చోట దూరం అయినా ఉండాలి. ఐఈసీ 61936 ప్రకారం మినరల్ ఆయిల్ 2,000 నుంచి 20,000 లీటర్ల మధ్య ఉంటే రెండు యూనిట్ల మధ్య 5 మీటర్లు, 45,000 దాటితే 15 మీటర్లు. మన పాత సబ్‌స్టేషన్లలో టేపు పట్టి కొలవండి.

ఇక నైట్రోజన్ వ్యవస్థ పెట్టాక దాన్ని మర్చిపోతారు. బాటిల్ ప్రెషర్ గేజ్ సున్నా దగ్గర ఉంటుంది. ఇంకా ఘోరం, "పొరపాటున ఆపరేట్ అవుతుందేమో" అన్న భయంతో ప్యానెల్‌ని ఆటోలో కాకుండా మాన్యువల్‌లో ఉంచుతారు. బ్రేకర్ ట్రిప్ అయిన సిగ్నల్ లేకుండా అది డ్రెయిన్ చేయదు కాబట్టి ఆ భయం అనవసరం. అర్ధరాత్రి పేలినప్పుడు పరిగెత్తి మాన్యువల్ బటన్ నొక్కేదెవరు?

బోరుబావి · సోమవారం, ఉదయం 6:40

అన్నలారా నమస్తే. మాది నల్గొండ దిక్కు. మీరు మాట్లాడేటియి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, నాది చిన్నది. మా బాయికాడ 25 కేవీఏ ఉన్నది. దాని మీద ఆరు మోటార్లు నడుస్తయి, అన్నీ 5 హెచ్‌పీవి. ఈ ఎండకాలంల రెండుసార్లు కాలింది. ట్రాక్టర్ల ఏసుకొని షెడ్డుకు తీస్కపోయినం, తెచ్చినం. పోయిన వారం పైకెల్లి ఆయిల్ చిమ్మి కింద ఎండు గడ్డి అంటుకున్నది. మా తమ్ముని వరిగడ్డి వామికి పది గజాల దూరంల ఆగింది. మేం ఏం జేస్తే ఇది ఆగుతది?

లైన్ మీద ఇరవై ఏళ్ళు · సోమవారం, మధ్యాహ్నం 1:15

అన్నా, లైన్‌మన్‌ని, నేను చెప్తా. 25 కేవీఏ అంటే కింద ఎల్టీ (తక్కువ వోల్టేజీ) వైపు ఫుల్ లోడ్ 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటరు ఒక్కటి 7, ఏడున్నర గుంజుతది. నాలుగు మోటార్లకు 30. ఆరు అంటే 45 దాకా పోతది. అది రోజూ ఉడుకుతనే ఉన్నది.

దానికన్న పెద్ద ముచ్చట ఇంకోటి. మీ మోటార్లకు ఆటోస్టార్టర్లు ఉన్నయా? ఉంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు ఆరూ ఒక్కసారే లేస్తయి. లేచేటప్పుడు మోటరు ఐదారు రెట్లు గుంజుతది. ఆ దెబ్బ రోజుకు ఎన్నిసార్లు తగుల్తదో లెక్క వేసుకోండ్రి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయండ్రి అని ఊరూరా చెప్పింది ఇందుకే.

ఇంక ఫ్యూజు. ఎల్టీ ఫ్యూజులు ఊకె పోతున్నయని లావు తీగ కట్టి ఉంటరు ఎవరో. ఫ్యూజు పోవుడంటే ట్రాన్స్‌ఫార్మర్ బతికినట్టు. లావు తీగ కడితే ఫ్యూజు ఉంటది, ట్రాన్స్‌ఫార్మర్ పోతది. కానీ అన్నా, మీరు మాత్రం దాన్ని ముట్టుకోకండ్రి. కరెంటు తెంపే ఏబీ స్విచ్ కిందికి గుంజినా ఒక బ్లేడు తెగకుండా ఉండిపోయిన కేసులు నేను చూసిన, ఆ గద్దె మీదికి ఎక్కిన మనిషి దిగలేదు. మా వాళ్ళకు చెప్పుండ్రి. మీరు చేసేది కింద గడ్డి పీకుడు, ఎర్త్ గుంతల నీళ్ళు పోసుడు, వామిని దూరం జరుపుడు. ఆయిల్ కారుడు, గద్దె మీద నూనె మరక కనబడితే అదే రోజు ఫోన్ జేయుండ్రి. ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఆరుగురు రైతులూ కలిసి దరఖాస్తు పెట్టుండ్రి, ఒక్కరు పెడితే కదలదు.

బోరుబావి · సోమవారం, సాయంత్రం 7:30

ఆరింటికీ ఆటోస్టార్టర్లే ఉన్నయన్నా. లావు తీగ కట్టింది నేనే. మంచిగ జెప్పిన్రు. రేపు ఆరుగురం కూసుంటం.

ఫ్యాక్టరీ కరెంటు · సోమవారం, రాత్రి 8:44

మా మేనేజ్‌మెంట్ కొత్తగా ఇంకో యూనిట్ కొంటోంది, బిల్డింగు గోడకి దగ్గర్లో పెట్టాలి. మామూలు మినరల్ ఆయిల్ బదులు పోసే ఎస్టర్ ఆయిల్ గురించి ఎవరికైనా అనుభవం ఉందా? రేటు ఎక్కువంటున్నారు.

నూనె పరీక్ష · సోమవారం, రాత్రి 9:30

రేటు ఎక్కువే. కానీ మినరల్ ఆయిల్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకునే వేడి) 140 డిగ్రీల దగ్గర ఉంటే, ఎస్టర్ ఫైర్ పాయింట్ (మంట నిలిచే వేడి) 300 డిగ్రీలు దాటుతుంది. అంటుకోవడం చాలా కష్టం, అంటుకున్నా మంటని నిలుపుకోవడం ఇంకా కష్టం. తేమని కాగితం నుంచి తనలోకి లాక్కుంటుంది కాబట్టి కాగితం ఎక్కువ కాలం బతుకుతుంది. గోడ పక్కన అంటున్నారు కాబట్టి నా ఓటు దానికే. పాత ట్రాన్స్‌ఫార్మర్లో మార్చి పోయాలంటే మాత్రం తయారీదారుని అడక్కుండా చేయకండి. గ్యాసుల లెక్కలు కూడా వేరే, మినరల్ ఆయిల్ హద్దులు పెట్టి చదవకూడదు. నివాస, వాణిజ్య భవనాల లోపల అయితే ఆయిల్ లేని డ్రై టైపు తప్ప ఇంకేదీ పెట్టకూడదని నిబంధనే ఉంది.

జెన్కో పాతికేళ్ళు · సోమవారం, రాత్రి 10:05

లోపల అన్న మాట వచ్చింది కాబట్టి ఒకటి రాస్తాను. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో 9 మందిని పోగొట్టుకున్నాం. మంట ఎక్కడ ఎలా మొదలైందన్నది వేరే చర్చ. నేను చెప్పేది పొగ గురించి. ఆరుబయట యార్డులో పొగ పైకి పోతుంది, మనిషి పరిగెత్తగలడు. సొరంగంలో పొగకీ మనిషికీ ఒకటే దారి. భూగర్భంలో, నేలమాళిగల్లో ఆయిల్ పరికరం ఉన్న ప్రతిచోటా చీకట్లో దారి చూపే దీపాలు, శ్వాస సిలిండర్లు, పొగని బయటికి లాగే ఫ్యాన్లు వేరే సప్లై మీద నడుస్తాయో లేదో ఎవరో ఒకరు చేత్తో ఆన్ చేసి చూడాలి. ఆ 9 మందిలో కొందరు యూనిట్లని కాపాడదామని లోపలే ఉండిపోయారు. మీ ఆపరేటర్ పరిగెత్తింది చదివినప్పుడు వాళ్ళే గుర్తొచ్చారు.

పాత రిలే · సోమవారం, రాత్రి 10:40

అవును. ఆపరేటర్ యార్డులోకి పరిగెత్తాల్సిన పరిస్థితి రాకూడదు. ఏఈ గారూ, అక్కడ అందరికీ చెప్పండి, ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతుంటే, బ్రేకర్ ట్రిప్ కాకపోతే, దాని దగ్గరికి వెళ్ళకూడదు. పై సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి 33 కేవీ ఫీడర్ తీయించాలి. ఆ నంబరు గోడ మీద చేతి వెడల్పు అక్షరాలతో రాయించండి. బ్యాటరీ మార్చడానికి ఆలస్యమైతే అప్పటిదాకా కెపాసిటర్ ట్రిప్ యూనిట్ అడగండి. ఏసీ ఉన్నప్పుడు చార్జ్ అయి ఉంటుంది, ఏసీ పోయినా ఒక్క ట్రిప్‌కి సరిపడా శక్తి దాచుకుంటుంది.

రాత్రి షిఫ్ట్ · తర్వాతి ఆదివారం, రాత్రి 9:15

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నా. మంగళవారం ఎల్సీ తీసుకుని పాత రిలే సార్ చెప్పినట్టే చేశాం. మా సబ్‌స్టేషన్లో రెండు పీటీఆర్‌లు, రెండూ నేమ్ ప్లేట్ మీద 2,000 లీటర్లు దాటాయి. ఆ సంగతి నేను మూడేళ్ళుగా గమనించలేదు. రెండింటి మధ్య గోడ లేదు, టేపు పట్టి కొలిస్తే నాలుగు మీటర్లకి కాస్త తక్కువ. గోడకీ, నైట్రోజన్‌కీ ఎస్టిమేట్ వేసి డీఈ (డివిజనల్ ఇంజనీర్) గారికి ఇచ్చాను. బుఖోల్జ్ గ్యాస్ పట్టడానికి సిరంజి లేదు, కొన్నాను. పై సబ్‌స్టేషన్ నంబరు ఎర్ర రంగుతో గోడ మీద రాయించాను.

నూనె పరీక్ష మేడం గారూ, రెండో యూనిట్ పాత రిపోర్టులు తవ్వి తీశాను. ఎసిటిలీన్ పోయిన ఏడాది 1, ఈ ఫిబ్రవరిలో 5. కింద "సాటిస్‌ఫాక్టరీ" అని రాసి ఉంది. బుధవారం మళ్ళీ శాంపిల్ తీసి మీరు చెప్పినట్టు సిరంజిలో పంపాను.

ఆసుపత్రిలో ఉన్న ఆపరేటర్‌కి ఎడమ చెయ్యి పర్వాలేదు. కుడి చేతికి ఇంకో ఆపరేషన్ ఉంది. లాంప్ వెలిగినా బ్రేకర్ ఎందుకు ట్రిప్ కాలేదో అతనికి చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే నేను రాసింది తప్పు కాదన్నమాట" అన్నాడు.

కొత్త రిజిస్టరు పెట్టాం. మొదటి పేజీ మా షిఫ్ట్ ఆపరేటర్ రాసింది ఉన్నదున్నట్టు ఇస్తున్నా:

"మంగళవారం. 10:05 చార్జర్ ఆఫ్. హెల్తీ లాంపులు మూడూ వెలుగుతున్నాయి. 10:12 రిలే నుంచి ఫీడర్ ట్రిప్ ఇచ్చాం, ట్రిప్ అయింది. 10:15 ఎల్వీ ట్రిప్ ఇచ్చాం, ట్రిప్ అయింది. 10:18 హెచ్వీ ట్రిప్ ఇచ్చాం, ట్రిప్ కాలేదు. లాంప్ మసకబారింది. 10:19 మళ్ళీ ఇచ్చాం, కాలేదు. సెల్ 4, సెల్ 9 డెడ్.

శుక్రవారం. కొత్త సెల్స్ పెట్టాం. 11:30 చార్జర్ ఆఫ్. ఫీడర్, ఎల్వీ, హెచ్వీ మూడూ ట్రిప్ అయ్యాయి."